పులికాట్ సరస్సుపై వేట: పడవ నీటిలోనికి త్రోయుటకు ముందు

సముద్రముపై వేటకు పోవువాడు ఆకాశమును చూచి, అలను చూచి, నలుగురితో ఆలోచించి మరీ పోవును. ఉప్పుసరస్సుపై వేటకు పోవువాడు అంత ఆలోచింపడు. నడుములోతు నీటిలో మనిషికేమి ముప్పని అతని నమ్మకము. ఈ నమ్మకము ఎంత ఖరీదైనదో చెప్పుటకు ఒక్క ఉదాహరణము చాలును. 2011 డిసెంబరు 25వ తేదీన పులికాట్ సరస్సు దక్షిణపు కొనయందు, తమిళనాడు పరిధిలో, విహారమునకు పోయిన పడవయొకటి తిరుగబడి 22 మంది మరణించిరి. వారు వేటగాండ్రు కారు. కాని పడవ అదియే, నీరు అదియే, గాలియు అదియే.

సరస్సుపై వేటను ముందుగా ఎట్లు ఆలోచించుకొనవలెనో, అందులో గ్రామపంచాయతి చేయదగిన పని ఎంత కలదో ఈ వ్యాసమున మేము వివరింపదలచితిమి. సూళ్ళూరుపేట, తడ ప్రాంతములందలి తీరగ్రామముల వారికి ఇందు కొన్ని విషయములు తెలిసినవే అయియుండును. తెలిసిన విషయమును అందరును ఒకే విధముగ పాటించునట్లు చేయుటయే కష్టము. అందుకొరకే ఇది పంచాయతి సభ్యుల నుద్దేశించి వ్రాయబడుచున్నది.

సరస్సు స్వభావము

మన దేశమందలి ఉప్పునీటి సరస్సులలో ఒడిశా రాష్ట్రమందలి చిలక మొదటిది, పులికాట్ రెండవది. ప్రళయకావేరి యని దీనికి పాత పేరు కలదు. ఉత్తర దక్షిణములుగ సుమారు 60 కిలోమీటర్ల పొడవున వ్యాపించిన ఈ సరస్సులో అధికభాగము ఆంధ్రప్రదేశ్‌లోను, దక్షిణపు కొన తమిళనాడులోను ఉన్నవి. తూర్పున శ్రీహరికోట దీవి సముద్రమునకును సరస్సునకును నడుమ అడ్డుకట్టవలె నిలిచియున్నది. కాళంగి, ఆరణి మొదలగు ఏరులు దీనికి మంచినీటిని తెచ్చును. ఉప్పునీరు సముద్రపు మొగల ద్వారా వచ్చును. దక్షిణమున పులికాట్ ఊరివద్దను, నడుమ రాయదొరువు వద్దను, ఉత్తరమున తూపిలిపాలెము వద్దను ఈ మొగలు కలవు.

ఇంత విశాలమైన సరస్సునకు సగటు లోతు ఒక మీటరు మాత్రమే. పెద్ద పళ్ళెములో పోసిన నీటివంటిదని చెప్పవచ్చును. పళ్ళెమును కొంచెము వంచినచో నీరంతయు ఒక అంచునకు చేరి రెండవ అంచు బయటపడును. ఈ సరస్సులో ఆ పళ్ళెమును వంచునది గాలి. నీరు పోయునది వానయు పోటును. నీరు తీయునది ఎండయు ఆటును. వేటకు పోవువాడు ఈ లెక్కను ముందుగ చూచుకొనవలెను.

కార్తీక మార్గశిర మాసములలో, ఈశాన్య ఋతుపవనపు వానలు కురిసి ఏరులు పొంగినప్పుడు, సరస్సు నిండుగ ఉండి నీరు చాలచోట్ల దాదాపు చప్పగ ఉండును. వైశాఖ జ్యేష్ఠ మాసముల కది మరియొక సరస్సు. ఉత్తరభాగమున చాలచోట్ల నీరింకి ఉప్పు పేరిన బురదనేల బయటపడును. మిగిలిన నీరు సముద్రపు నీటికంటె ఉప్పగ నగుటయు కలదు. సముద్రపు నీటిలో లీటరునకు సుమారు 35 గ్రాముల ఉప్పుండగా, ఈ సరస్సు నీటిలో 50 గ్రాములకు మించిన కాలములు కలవు. ఇసుక మేటవేసి మొగలు మూసుకొనిపోవుట ఈ దుస్థితిని ఇంకను పెంచుచున్నది. సూళ్ళూరుపేటనుండి శ్రీహరికోటకు పోవు రహదారికట్ట సరస్సును అడ్డముగ దాటుచున్నందున, కట్టకు ఉత్తరపు నీటికిని దక్షిణపు నీటికిని రాకపోకలు తూములవద్ద మాత్రమే జరుగును.

కావున కార్తీకమాసములో తిన్నగ పోయిన దారియే వైశాఖములో దారి కాకపోవచ్చును. చలికాలమున పండుగప్ప దొరికిన చోటనే వేసవిలో కూడ దొరకునని ఆశపడి పోవువాడు నూనె ఖర్చుపెట్టుకొని బురదను చూచి వచ్చును.

ఆటుపోట్ల లెక్క

సముద్రములో రోజునకు రెండు పోట్లు, రెండు ఆటులు. నేటి పోటునకంటె రేపటి పోటు సుమారు 48 నిమిషములు, అనగా రెండు గడియలు, ఆలస్యముగ వచ్చును. అమావాస్యకును పున్నమకును పోటు ఎత్తు హెచ్చు. అష్టమి దినములలో తక్కువ. మొగ తెరచియున్నంతకాలము సరస్సు కూడ ఈ లెక్కనే అనుసరించును. కాని మొగకు దూరమైనకొలది పోటు ఆలస్యముగ చేరును, దాని ఎత్తును తగ్గును. మొగవద్ద రెండడుగులు లేచిన నీరు పది కిలోమీటర్ల లోపలి గ్రామపు రేవున కొన్ని అంగుళములే లేవవచ్చును.

రెండు గడియల లెక్క ఎట్లు ఉపయోగపడునో చూతము. ఒక గ్రామపు రేవున అమావాస్యనాడు ఉదయము 9 గంటలకు నిండుపోటు అయినదనుకొందము. చవితినాటికి నాలుగు దినములలో ఎనిమిది గడియలు జరిగి నిండుపోటు మధ్యాహ్నము 12 గంటల 12 నిమిషములకు వచ్చును. అష్టమినాటికి అది సాయంకాలము 3 గంటల 24 నిమిషములకు జరుగును. పోటునకును ఆటునకును నడుమ ఆరుగంటలకు పైచిలుకు అంతరము ఉండును గనుక, అష్టమినాడు ఉదయము 9 గంటలకు నీరు పూర్తిగ తీసియుండును. అమావాస్యనాడు ఏ గంటకు పడవ సుఖముగ తేలినదో, ఎనిమిది దినముల తరువాత సరిగ అదే గంటకు పడవ నేలకు కరచుకొనును. గడియారమును నమ్మి బయలుదేరువానికిని, తిథిని చూచి బయలుదేరువానికిని ఇంత భేదము కలదు.

ప్రతి రేవునకును పోటువేళ వేరువేరుగ నుండును. కావున ఇంకొకరి లెక్క మనకు పనికిరాదు. దీనికి ఖర్చు లేని ఉపాయమొకటి కలదు. రేవువద్ద గట్టినేలలో ఒక గుంజను పాతి, దానిపై అడుగులును అంగుళములును రంగుతో గుర్తింపవలెను. అమావాస్య మొదలు పున్నమవరకు ఒక పక్షము, వీలైనచో రెండు పక్షములు, పగటివేళ గంటకొకసారి నీటిమట్టము చూచి పుస్తకములో వ్రాయింపవలెను. పై తరగతుల బాలురును బాలికలును ఈ పనిని ఉత్సాహముతో చేయుదురు. లెక్కల పాఠమునకును ఇది అక్కరకు వచ్చును. గుంజపై ఎన్ని అడుగులున్నప్పుడు గ్రామపు పడవలు కాలువదారిన పోగలవో ఒక్కసారి కొలిచి తెలిసికొన్నచో, ఆ గుర్తుపై ఎఱ్ఱరంగు గీత గీయవచ్చును. గీత కనబడుచున్నచో ఇంజను పడవకు దారి లేదని చిన్నపిల్లవానికి కూడ తెలియును. ఇంజను పంకా నీటిలో సుమారు అడుగున్నర నుండి రెండడుగుల వరకు దిగియుండునని మరువరాదు. మనిషి ఈడ్చుకొనిపోగల నీటిలో ఇంజను పనిచేయదు. బురదను, నాచును చుట్టుకొని ఆగిపోవును.

సరస్సు పక్షి సంరక్షణ ప్రాంతము గనుక నీటిలో గుంజలు పాతుటకు ముందు అటవీశాఖ వారితో మాటలాడుట మంచిది. మన భాగము 1976లోనే పక్షి సంరక్షణ కేంద్రముగ ప్రకటింపబడినది. శీతకాలమున రాజహంసలు మేయుచోట్లకు ఇంజను పడవలను తోలుకొనిపోవుట చట్టరీత్యా దోషము. అదిగాక, ఆ పక్షులు నిలుచుచోటు ఎంత లోతులేనిదో అవే మనకు చెప్పుచున్నవి.

మొగ మూసుకొన్న కాలములో పై లెక్కలేవియు పనికిరావు. అప్పుడు నీటిని కదలించునది గాలి యొక్కటే.

గాలి

లోతైన నీటిలో గాలి అలను మాత్రమే లేపును. లోతులేని విశాలమైన నీటిలో అది నీటిని ప్రోగుచేసి ఒక ఒడ్డునకు నెట్టును. బలమైన గాలి కొన్ని గంటలు ఒకే దిక్కునుండి వీచినప్పుడు ఎదురెదురు ఒడ్డుల నడుమ నీటిమట్టములో అడుగునకు పైగ తేడా వచ్చుట సాధ్యమే. సగటున మూడడుగుల లోతున్న చోట అడుగు తగ్గుట ఎంత నష్టమో పడవవాడే చెప్పగలడు.

వేసవిలో సామాన్యముగ ఉదయమున నేలమీదినుండి పడమటిగాలియు, మధ్యాహ్నము మొదలు సముద్రముమీదినుండి తూర్పు ఆగ్నేయపు గాలియు వీచును. పడమటి ఒడ్డు గ్రామములవారికి ఇది వరము: ఉదయపు గాలి వారిని తీసికొనిపోవును, సాయంకాలపు గాలి తిరిగి తెచ్చును. తూర్పు ఒడ్డువారికి రెండువేళలను ఎదురుగాలియే. వారు వేసవిలో తెల్లవారుజామునకు ముందే, గాలి ఇంకను లేవనప్పుడు, వేటచోటు చేరి పొద్దెక్కకముందే మరలుట మేలు.

ఈశాన్యపు గాలుల కాలమున ఈ లెక్క తారుమారగును. పడమటి ఒడ్డువాడు ఎదురుగాలితో కష్టపడి పోయి సుఖముగ వచ్చును. తూర్పు ఒడ్డువాడు సుఖముగ పోవును, వచ్చునప్పుడు కష్టము. పైగా ఈశాన్యపు గాలి నీటిని నైరృతి మూలకు నెట్టుటచే అతని స్వంత రేవువద్ద నీరు తగ్గియుండును. వలలాగి అలసినవాడు, నిండిన పడవతో, ఎదురుగాలిలో, నీరులేని రేవునకు చేరవలసివచ్చును. ప్రమాదములు ప్రాయికముగ ఇట్టి వేళలోనే కలుగును. పోవునప్పుడు చేయి నొచ్చిన దినమునకంటె చేయి నొవ్వని దినముననే ఎక్కువ జాగ్రత్త అవసరమని యువకులకు బోధింపవలెను. పోకకు ఎంత కాలము పట్టినదో, రాకకు దానికి రెట్టింపు కాలము ఉంచుకొని మరలవలెను. ఇంజను పడవవాడు నూనెను మూడు భాగములుగ చేసికొని, ఒకటి పోకకు, ఒకటి రాకకు వాడి, మూడవది ముట్టుకొనక నిలువ ఉంచుకొనవలెను.

సరస్సుపై అల రెండడుగులకు మించి లేవకపోవచ్చును. కాని ఆ అలలు పొట్టివి, నిట్రమైనవి. ఒకదానివెంట ఒకటి తెఱపి లేక వచ్చును. సముద్రపు అల పడవను ఎత్తి దించును. సరస్సు అల అంచుమీదుగ నీటిని లోపలికి చల్లును. పడవలో చేరిన నీరు ఒక ప్రక్కకు ఒరిగినప్పుడు, మనుష్యులును అదే ప్రక్కకు జరిగినచో, పడవ తిరుగబడుటకు నిమిషము పట్టదు. పడిన చోట నీరు నడుములోతే కావచ్చును. అడుగున మోకాలిలోతు బురద ఉన్నచో ఆ మనిషి నిలువబడలేడు, ఈదలేడు. బురదలో దిగబడినవాడు నిటారుగ నిలిచి కాళ్ళు పెనుగులాడినకొలది క్రిందికి దిగును. అట్టివాడు పడవ అంచునుగాని, అడ్డముగ వేసిన గెడనుగాని రెండుచేతులతో కౌగిలించి, రొమ్ము దానిపై మోపి, ఒక్కొక్క కాలిని నెమ్మదిగ వెనుకకు లాగుకొనవలెను.

ఈదుటకు తోడ్పడు రక్షణచొక్కా ప్రతివానికి ఉండవలసినదే. అది లేనిచో గట్టిగ మూతవేసిన ఖాళీ నూనెడబ్బాలు రెండు, త్రాటితో కట్టి, చేతికందునట్లు పడవలో ఉంచుట కేమాత్రము ఖర్చు కాదు. ఇవి పడవ అడుగున వలలక్రింద ఉన్నచో లేనట్లే.

పిడుగు గురించి కూడ చెప్పవలసియున్నది. చైత్ర వైశాఖములలో సాయంకాలపు గాలివానలకును, తులామాసపు ఉఱుములకును సరస్సు మీద దాగుటకు చోటు లేదు. చుట్టును చదునైన నీటిలో గెడ పట్టుకొని నిలిచిన మనిషియే అన్నిటికంటె ఎత్తైన వస్తువు. మెఱుపు కనబడిన తరువాత ఉఱుము వినబడులోపల ముప్పది అంకెలు లెక్కింపలేకపోయినచో పిడుగు పది కిలోమీటర్లలోపల ఉన్నదని అర్థము. గెడ దించి, కూర్చుండి, దగ్గరి ఒడ్డునకు పోవలెను. ఒడ్డున ఒంటరి చెట్టుక్రింద నిలువరాదు. పూణెయందలి వాతావరణ పరిశోధన సంస్థ వారు రూపొందించిన ‘దామిని’ అను ఫోను సాధనము సమీపమందలి పిడుగుల సూచనను ఇచ్చుచున్నది. గాలి, అల సూచనలను హైదరాబాదునందలి జాతీయ సముద్ర సమాచార కేంద్రమువారును, వాతావరణశాఖవారును దినదినము ప్రకటించుచున్నారు. ఫోనున్న ప్రతివాడును వానిని చూచునని నమ్మరాదు. సాయంకాలము ఒకరు చూచి రేవు పలకపై సుద్దతో వ్రాసినచో పదిమంది చదువుదురు.

ఈ తీరమునకు తుపానులు క్రొత్తవి కావు. 1984 నవంబరులో శ్రీహరికోట సమీపమున తీరము దాటిన తుపాను ఈ ప్రాంతపు పెద్దలకు జ్ఞాపకమే. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్లవద్ద తీరము దాటినను, దాని వానలు ఈ ప్రాంతమును ముంచినవి. తుపాను ఎక్కడ తీరము దాటునో అన్న వార్తనుబట్టి కాక, వాన ఎక్కడెక్కడ కురియునో అన్న వార్తనుబట్టి వేట మానుకొనవలెను. ఎగువను కురిసిన వాన కాళంగి ద్వారా సరస్సును చేరును గదా! శ్రీహరికోటనుండి రాకెట్టు ప్రయోగము జరుగు దినములలో మత్స్యకారులకు చేయు హెచ్చరికను కూడ అదే పలకపై వ్రాయవచ్చును.

ఏది పట్టవలెను, ఏది విడువవలెను

వేటకు పోవువాడు ఏ చేపకై పోవుచున్నాడో నిశ్చయించుకొనియే వలను ఎన్నుకొనవలెను. ఇది లాభమునకు సంబంధించిన మాట మాత్రమే కాదు.

తెల్లరొయ్య జీవితము సముద్రమున మొదలగును. తల్లి రొయ్య సముద్రములో లక్షలకొలది గ్రుడ్లు పెట్టును. పిల్లలు వెండ్రుకవలె సన్ననివిగా ఉన్నప్పుడే పోటుతోకూడ మొగద్వారా సరస్సు చేరి, ఇచ్చటి వెచ్చని, ఆహారము నిండిన నీటిలో కొన్ని నెలలు పెరుగును. పెరిగిన రొయ్య తిరిగి సముద్రమునకు పోయి అచ్చటనే గ్రుడ్లు పెట్టును. బొంతచేప, పాలబొంత, పండుగప్ప కూడ సముద్రపు సంబంధము లేక సంతానవృద్ధి చేయనేరవు. అనగా సరస్సు మన చేపలకు పురిటిల్లు కాదు, పెంపుడిల్లు. దీనినుండి రెండు సంగతులు బోధపడుచున్నవి. మొగ మూసుకొన్న సంవత్సరము ఎంత గొప్ప వలయైనను సంపాదన ఈయదు. మొగ తెరచియున్న సంవత్సరము కూడ, వచ్చిన పిల్లలను దోమతెరవంటి వలతో ఊడ్చివేసినచో, మూడు నెలల తరువాత పట్టుటకు ఏమియు మిగులదు. గుప్పెడు పిల్లరొయ్యకు ఎండుచేపల ధర రానేరదు. అదే గుప్పెడు పెరిగినచో కొన్ని కిలోలగును. ఇంతకంటె నష్టమైన బేరము మరియొకటి కానరాదు.

పెరిగిన రొయ్యలు సముద్రమునకు మరలునది ముఖ్యముగ రాత్రివేళ, అమావాస్య పున్నమల ఆటు నీటితో. మొగకు దగ్గరి కాలువలలో గుంజలకు వలలు కట్టువారు ఆ వేళకై వేచియుందురు. ఇట్టి మంచి చోట్లు కొన్నియే యుండుటచే తగవులు తప్పవు. సరస్సు దక్షిణపు కొనయందలి మత్స్యకార గ్రామములవారు దీనికి చిరకాలముగ ఒక కట్టుబాటును పాటించుచున్నారు. దానిని ‘పాడు’ అందురు. (మన భాషలో ఈ మాటకు వేరు అర్థమున్నది, ఇచ్చట వేటచోటని అర్థము.) ఏ దినమున ఏ చోట ఎవరు వల వేయవలెనో చీట్లువేసి నిర్ణయించుకొందురు. నేడు మంచిచోటు దొరకినవానికి రేపు సామాన్యపు చోటు వచ్చును. ధనికుడైనను పేదయైనను తన వంతుకై ఆగవలసినదే. ఈ కట్టుబాటులో చేరని కులములవారికి వంతు లేదన్న ఫిర్యాదును కలదు. అది న్యాయమైన ఫిర్యాదే. చీటీపద్ధతి మంచిది, దానిలోనికి ఎవరిని రానిత్తుమన్నది వేరు ప్రశ్న. మన పంచాయతులు ఇట్టి వంతులు ఏర్పరచుకొన్నచో పడవ లేనివారినికూడ లెక్కలో చేర్చుకొనవలెను. ఊతలతోను, మావులతోను, వట్టిచేతులతోను నీటిలో నడచి పీతలను రొయ్యలను పట్టి జీవించు యానాదులు ఈ సరస్సుపై అందరికంటె తక్కువ ఖర్చుతో, తక్కువ నష్టముతో వేటాడువారు. వారు నడచు లోతులేని మేరలో గుంజవలలు అడ్డముగ కట్టినచో వారి పూటకూడు పోవును.

పీతలవిషయమున ఒక గుర్తు. కడుపుక్రింది పలక గుండ్రముగ వెడల్పుగ ఉన్నది ఆడుది. సన్నముగ, ముక్కోణపుటాకారమున ఉన్నది మగది. ఆ పలకక్రింద గ్రుడ్లముద్ద కనబడినచో దానిని వెంటనే నీటిలో విడువవలెను. అది గ్రుడ్లను పొదుగుటకు సముద్రమునకు పోవుచున్నది.

ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మన తీరమున యంత్రపు పడవలకు సముద్రపు వేట నిషేధింపబడియున్నది. సముద్రము ఆగినంతమాత్రమున సరస్సుపై పడుట తగదు. ఆ దినములలో సరస్సు కుదించుకొనిపోయి, ఉన్న చేపయంతయు కొద్దిపాటి నీటిలో చేరియుండును. పట్టుట సులభము. సులభముగ పట్టిన దానిని తరువాతి సంవత్సరము వెదకుకొనవలసివచ్చును.

వెంట కొనిపోవలసినవి

ఈ విషయము క్లుప్తముగ చెప్పెదము. సరస్సు నీరు త్రాగుటకు రాదు గనుక మనిషికి అయిదు లీటర్ల మంచినీరు, ఎండకాలమున ఇంకను ఎక్కువ, ఉండవలెను. ఇంజను ఉన్నను గెడయు తెడ్డును తప్పవు. లంగరు, చాలినంత త్రాడు, నీరు తోడుటకు చెంబు, రాత్రివేళ దీపము, ఈల, నీరు చొరని సంచిలో ఫోను ఉండవలెను. పట్టదలచిన చేపకు సమానమైన తూకము మంచు కొనిపోనిచో, మేనెల ఎండలో రొయ్య ఒడ్డు చేరులోపల నల్లబడి ధర సగమగును. మంచు కొనుటకు వెనుదీసి పట్టినదానిని పాడుచేసికొనుట పొదుపు కాదు.

పంచాయతి చేతిలోని పని

రాజ్యాంగమునకు 73వ సవరణ 1993 ఏప్రిల్ 24వ తేదీన అమలులోనికి వచ్చినది. దానితో చేరిన పదునొకండవ షెడ్యూలునందలి 29 విషయములలో మత్స్యపరిశ్రమ ఒకటి. కావున పంచాయతి ఈ విషయమును చర్చించుట అధికారప్రసంగము కాదు, దాని పనియే. రేవుగుంజ, సూచనల పలక, దోమతెర వలలను మానవలెనని గ్రామసభ తీర్మానము, వేటచోట్ల వంతులు అను వీనిగురించి పైన చెప్పియున్నాము. ఏ వలకన్ను ఎంత ఉండవలెనో మత్స్యశాఖ అధికారిని గ్రామసభకే పిలిపించి అందరియెదుట అడుగుట మంచిది. చాటున విన్న నిబంధనను ఎవరును పాటింపరు.

వీనికంటె ముందుగ, ఒక్క దినములో చేయదగిన పని ఒకటి కలదు: రేవు పుస్తకము. నూరు పుటల నోటుపుస్తకమొకటి చాలును. రేవువద్ద మంచు అమ్ము దుకాణములోగాని, టీ దుకాణములోగాని, అనగా ప్రొద్దున తెరచి ప్రొద్దుపోయినవరకు మూయని చోట, దానిని ఉంచవలెను. పడవ యజమాని పేరు, పడవలోని మనుష్యుల సంఖ్య, పోవు దిక్కు, తిరిగి రాదలచిన వేళ, ఫోను నెంబరు వ్రాయించి పోవలెను. వచ్చినవెంటనే గీత కొట్టింపవలెను. వ్రాయనేర్వనివారికి దుకాణదారు వ్రాసిపెట్టును. ఎక్కడ చేపలున్నవో అందరికి తెలిసిపోవునని కొందరు దిక్కును చెప్పుటకు వెనుదీయుదురు. అట్టివారికి మడచి అంటించిన చీటీలో వ్రాసియిచ్చు వెసులుబాటు ఈయవచ్చును. వేళకు వచ్చినచో చీటీని విప్పక తిరిగి ఇచ్చివేయవలెను.

చెప్పిన వేళకు రెండు గంటలు దాటినను గీత పడనిచో దుకాణదారు వార్డు సభ్యునికి తెలుపవలెను. సభ్యుడు మొదట ఫోను చేయించి, అదే దిక్కునకు పోయి వచ్చిన పడవలవారిని విచారించి, ప్రొద్దు మిగిలియున్నచో రెండు పడవలను కలిపి పంపవలెను, ఒంటిపడవను పంపరాదు. చీకటిపడినను, గాలి హెచ్చినను మనవారిని పంపక 112కును, సముద్రపు మొగవైపు పోయినవారైనచో తీరరక్షక దళమువారి 1554కును తెలుపవలెను. ఈ రెండు అంకెలను పుస్తకపు అట్టపై పెద్ద అక్షరములతో ముందే వ్రాయించి ఉంచవలెను.